అదే పేరు, అదే వయసు

మాస్టారు పోయారన్న కబురు మంగళవారం పొద్దున పదిన్నరకు వచ్చింది. నేను పనిచేసే కళ్ళద్దాల షాపు అప్పుడే తెరిచి, ఫ్రేములు పెట్టే గాజు అరలు తుడుస్తున్నాను. మా జబ్బున్నవాళ్ళం పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆయన పేరు రాసి, కింద "ఇక లేరు" అని రాశారు. నేను చదివాను. ఫోను పక్కన పెట్టి మళ్ళీ తుడవడం మొదలుపెట్టాను.

ఎందుకంటే అదే పేరు, అవే రెండు మాటలు, అదే గ్రూపులో రెండేళ్ళ క్రితం ఒకసారి వచ్చాయి. పాత మెసేజ్‌ని ఎవరో పొరపాటున మళ్ళీ పంపారనుకున్నాను. ఆ పేరుగలాయన పోయిన సంగతి నాకు తెలుసు. ఆయన్ని తీసుకెళ్తుంటే మాస్టారి పక్కన నిలబడి చూశాను కూడా.

రెండో అర తుడుస్తుండగా అనుమానం వచ్చి తేదీ చూశాను. అది ఆ రోజుదే. వెంటనే మాస్టారి ఇంటికి ఫోన్ చేస్తే ఆంటీ ఎత్తారు. నేను అడగకముందే ఆవిడే అన్నారు: "అవునమ్మా. ఈసారి మా వారే."

కాఫీ తాగి, పేపరు చదువుతూ, కుర్చీలోనే వెనక్కి వాలారట. గుండె ఆగింది. పదకొండేళ్ళుగా ఏ జబ్బును కాపలా కాశారో ఆ జబ్బుతో కాదు.

ఆయన గుంటూరు వైపు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పారు. ఆ వైపువాళ్ళు మాస్టారు అంటారు. మాది నల్గొండ, నేను సార్ అనేదాన్ని. ఇక్కడ మాస్టారనే రాస్తాను. పేరు మాత్రం రాయను. ఎందుకో ముందుకు పోతే మీకే తెలుస్తుంది.

ఆరేళ్ళ క్రితం ఆయన కొత్త కళ్ళద్దాలకు మా షాపుకి వచ్చారు. కంటిపాపల మధ్య దూరం కొలవడానికి స్టూలు మీద కూర్చోబెట్టి, స్కేలు పట్టుకుని దగ్గరగా వంగాను. పైరెప్పలు ఉబ్బి ఉన్నాయి, ఏడ్చి లేచినట్టు. చెంపల మీద చర్మం ఆ వయసు మనిషికి ఉండాల్సిన దానికంటే తెల్లగా, పలచగా ఉంది. అది నేను రోజూ పొద్దున అద్దంలో చూసే మొహం.

ఆయనా నన్నే చూస్తున్నారు. "మీదీ ఆ మాత్రేనా అమ్మా?" అన్నారు మెల్లగా.

"ఏం మాత్ర సార్?"

"ఇమాటినిబ్. అన్నం తిన్నాకే వేసుకోవాల్సింది."

ఆ సంగతి అప్పటికి మా అమ్మకు కూడా తెలియదు.

మాది ఎముకల మూలుగలో మొదలయ్యే జబ్బు. తెల్లకణాలు అదుపు తప్పి పెరిగిపోతాయి. బ్లడ్ క్యాన్సర్లలో అరుదైన రకం, నెమ్మదిగా నడిచేది. రోజూ మాత్ర వేసుకుంటే దాదాపు అందరిలాగే బతకొచ్చు. బయటికి ఏమీ కనపడదు. ఆ మాత్రకు రెప్పలు ఉబ్బుతాయి, కొందరికి రంగు తేలుతుంది. కర్మన్‌ఘాట్‌లో మా పక్కింటామె నన్ను ఆపి, "ఏం క్రీము వాడుతున్నవే, మంచిగ తెల్లగైనవ్" అని అడిగేది. మా అమ్మ ఆ మాట విని మురిసిపోయి, ఇక సంబంధాలు చూడొచ్చని అన్నయ్యతో అనేది. నేను లోపలికి పోయి తలుపు వేసుకునేదాన్ని.

ఆ రోజు షాపులో ఎవరూ లేరు. ఏడాదిగా ఎవరికీ చెప్పనిది ఆయనకు చెప్పేశాను. "తెల్లకణాలు మామూలైనయని చెప్పిన్రు సార్. గందుకే వారంల రెండు రోజులు మాత్ర ఏస్కుంటలేను. కడుపుల తిప్పుతది."

ఆయన తిట్టలేదు. లేచి వెళ్ళి, గోడకున్న అక్షరాల పటం ముందు నిలబడ్డారు. కళ్ళ పరీక్షకు మేము వాడేదే, వెనక లైటు వెలిగేది. "ఈ పై అక్షరం నూరు అనుకో," అన్నారు. "మందు మొదలుపెట్టే ముందు జబ్బు అంత. రెండో వరుస అందులో పదోవంతు, అంటే పది. మూడో వరుస ఒకటి. నాలుగోది పాయింట్ ఒకటి. మూడు నెలలకి రెండో వరుసకి దిగాలి, ఆరు నెలలకి మూడో వరుసకి, ఏడాదికి నాలుగో వరుసకి. అలా దిగితే మందు పనిచేస్తున్నట్టు. నీకు చెప్పినవాళ్ళు తెల్లకణాలు లెక్కపెట్టారు, అంతే. ఈ వరుసలు చూడాలంటే వేరే రక్తపరీక్ష ఉంది. చేయించావా?"

"లేదు సార్."

"సరే. ఇప్పుడు చెప్పు, చివరి వరుస కింద ఏముంది?"

"ఏం లేదు సార్. ఖాళీ."

"ఖాళీ కాదమ్మా. అక్కడా అక్షరాలున్నాయి. మన కళ్ళకి ఆనవు." పటం వైపు చూస్తూనే అన్నారు: "మిషన్‌కి కనపడలేదంటే లేదని కాదు. లేదని కాదంటే ఉందని కూడా కాదు. ఆ మధ్యలో బతకడం నేర్చుకోవాలి మనం."

ఆ సాయంత్రం షాపు మూసేముందు పటం లైటు ఆర్పబోయి, చివరి వరుస కింద ఉన్న తెల్లటి చోటును చూశాను. రోజూ చూసేదే. ఆ రోజు మాత్రం దాన్ని ఎక్కువసేపు చూడలేకపోయాను.

మర్నాడే ఆయన వెంట వెళ్ళి పరీక్ష చేయించుకున్నాను. ఏడాదికి పాయింట్ ఒకటి ఉండాల్సింది ఏడు ఉంది. డాక్టరు మొహంలోకి చూసే ధైర్యం నాకు లేకపోతే మాస్టారే అన్నారు, ఇక మానదండీ అని. మానలేదు. ఇంకో ఏడాదిన్నరకు నాలుగో వరుసకు దిగాను. మా అమ్మకు చెప్పించింది కూడా ఆయనే. మా ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని, నేను ఏడుస్తుంటే నా బదులు ఆయన చెప్పలేదు. "నువ్వే చెప్పు, నేనిక్కడే ఉంటాను" అన్నారు. గంటసేపు అలాగే ఉన్నారు.

ఇక అసలు సంగతి.

మూడేళ్ళ క్రితం ఒక మధ్యాహ్నం మాస్టారు షాపుకి వచ్చి, రిపోర్టు కాగితం నా ముందు పెట్టారు. ఎన్నో ఏళ్ళుగా ఆయన అంకె పాయింట్ సున్నా ఒకటికి అటూ ఇటూ ఉండేది. ఆ కాగితంలో పద్నాలుగు ఉంది. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, మాత్రలు మానేశారా అని. ఒక్కరోజు కూడా మానలేదని ఈయన జవాబు. అయితే మందు పట్టు తప్పుతున్నట్టుంది, మళ్ళీ పరీక్ష చేసి, అదే వస్తే మందు మారుద్దాం అన్నారు డాక్టరు.

రెండో రిపోర్టు రావడానికి పదమూడు రోజులు పట్టింది. ఆ పదమూడు రోజుల్లో మాస్టారు మూడు కిలోలు తగ్గారు. పొద్దున్నే లేచి ఎడమ డొక్క కింద వేళ్ళు పెట్టి ఈ జబ్బు పెరిగితే ఉబ్బే ప్లీహం తగులుతోందా అని నొక్కి చూసుకునేవారట. "తగులుతోందమ్మా, నిజంగా," అన్నారు నాతో. చెమటలు పట్టేవి. అన్నం సయించేది కాదు.

రెండో రిపోర్టులో పాయింట్ సున్నా సున్నా ఎనిమిది వచ్చింది. అంటే ఆయనకేం కాలేదు. మొదటి కాగితం ఆయనది కాదు. ల్యాబులో పేరూ వయసూ మాత్రమే రాసుకున్నారు, ఇంటిపేరు రాసుకోలేదు. అదే పేరుతో, అదే వయసుతో, అదే జబ్బుతో ఇంకో మనిషి ఉన్నాడు.

ఆంటీ దేవుడికి దణ్ణం పెట్టుకున్నారు. నేను స్వీటు డబ్బా తెచ్చాను. మాస్టారు దాన్ని ముట్టుకోలేదు. "పదమూడు రోజులు ఇంకొకాయన జబ్బుతో బతికాను," అన్నారు. "నా ఆరోగ్యంతో ఆయన బతుకుతున్నాడక్కడ. నా కాగితం చూసుకుని సంతోషపడుతూ ఉంటాడు."

ఆ మనిషెవరో చూసి చెప్తామన్నారు ల్యాబువాళ్ళు. నెలన్నరైనా ఏమీ చెప్పలేదు. దవాఖానలో మాకు మాత్రలు ఇచ్చే కౌంటర్ దగ్గరున్నాయనను మాస్టారు అడిగారు. ఆయన రిజిస్టర్ తిప్పి, తలెత్తి వింతగా చూశాడు. "ఉన్నడు సార్. మీ పేరే. అల్మాస్‌గూడ కెళ్ళి వస్తడు. ఒక్కసారి ఆయన మాత్రలు మీకియ్యబోయిన, యాదికుందా? రెండు నెలల సంది వస్తలేడు. ఫోన్ కూడా కలుస్తలేదు."

మాస్టారు నా వైపు చూశారు. రెండు నెలలంటే ఆ రిపోర్టులు వచ్చిన దగ్గర్నుంచి.

ఆదివారం పొద్దున నా స్కూటీ మీద ఇద్దరం అల్మాస్‌గూడ వెళ్ళాం. కాలనీలన్నీ ఒకేలా ఉన్నాయి, సగం కట్టిన ఇళ్ళు, మట్టి సందులు. ఒక కిరాణా షాపు దగ్గర ఆపి మాస్టారు తన పేరే చెప్పి, ఆయన ఇల్లెక్కడ అని అడిగారు. షాపాయన ఈయన మొహాన్ని కాసేపు పట్టి చూసి, "మీరు అన్నదమ్ములా?" అన్నాడు.

ఆ ఇంటి గేటు తీసి ఉంది. మేమింకా లోపల అడుగు పెట్టలేదు. లోపల్నుంచి ఒక ముసలి గొంతు మాస్టారిని పేరు పెట్టి పిలిచింది.

"ఆఁ," అన్నారు మాస్టారు.

పుట్టిన దగ్గర్నుంచీ ఆ పేరుకి పలికిన నోరు, దానంతటదే పలికింది. ఆయన తెల్లబోయి నా వైపు చూశారు. గుమ్మంలో కుర్చీ మీద కూర్చున్న ముసలామెకు కళ్ళు తెల్లగా పొరలు కమ్మి ఉన్నాయి. చేతులు చాచింది. మాస్టారు దగ్గరికి వెళ్ళి వంగారు. ఆమె ఆయన నుదురు తడిమి, ఉబ్బిన రెప్పలు వేళ్ళతో తడిమి, "ఎటు పోయినవ్ బిడ్డా? ఇంతసేపా?" అంది.

అప్పుడు వెనక గదిలోంచి ఆమె కొడుకు బయటికి వచ్చాడు.

నిజం చెప్పాలంటే వాళ్ళిద్దరూ ఒకేలా ఉండరు. ఆయన పొడుగు, రిటైరైన బస్సు డ్రైవరు, చేతులు మొరటువి. కానీ అవే రెప్పలు, అదే తేలిన రంగు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ నిలబడిపోయారు. ముసలామె మధ్యలో తల అటూ ఇటూ తిప్పింది.

"రండ్రి సార్, కూసోండ్రి," అన్నాడాయన చివరికి. మాస్టారు విషయం చెప్పడం మొదలుపెడితే నవ్వాడు. "నాకు తక్కువైంది సార్. గీ కాయితం సూడుండ్రి." దేవుడి పటం వెనక నుంచి కాగితం తీసి ఇచ్చాడు. పాయింట్ సున్నా సున్నా ఆరు. చుట్టానికి ఎవరికో చూపిస్తే సున్నాలు చూసి, జబ్బు పోయిందన్నాడట. ఆ రోజు నుంచి మాత్ర బంద్. ఊళ్ళో మొక్కు కూడా తీర్చుకుని వచ్చారు.

మాస్టారు తన దగ్గరున్న కాగితం తీసి ఆయన చేతిలో పెట్టారు. "ఇది మీదండీ. మీ చేతిలోది నాది," అన్నారు.

ఆయన రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. ఆయన భార్య లోపల్నుంచి వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. "గందుకేనా," అంది మెల్లగా. "ఎడమ పక్క నొస్తున్నది, నొస్తున్నది అంటుండె."

మర్నాడే మాస్టారు ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. జబ్బు నెమ్మది నడక మానేసిందని డాక్టరు చెప్పారు. మందు మార్చారు. కొన్నాళ్ళు తగ్గింది, మళ్ళీ లేచింది. ఎనిమిది నెలలు బతికాడు. ఆ రెండు నెలలు మాత్ర మానకపోతే బతికేవాడా అని మాస్టారు అడిగితే, చెప్పలేనండీ, అంతకుముందు నుంచే ఆయనకు మందు సరిగా పట్టడం లేదు అన్నారు డాక్టరు. ల్యాబువాళ్ళు క్షమించమని ఉత్తరం రాశారు. ఇంటిపేరు, తండ్రి పేరు, ఫోన్ నంబరు రాసుకోవడం మొదలుపెట్టారు. అప్పటి నుంచి మాస్టారు మా గ్రూపులో ఎవరి రిపోర్టు వచ్చినా ఒకటే అనేవారు: "ముందు పేరు చూడండి. తర్వాతే అంకె."

ఆ డ్రైవరాయన పోయిన రోజు అల్మాస్‌గూడ సందు మొదట్లో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. మాస్టారి పేరు, దాని పైన శ్రద్ధాంజలి. మాస్టారు స్కూటీ దిగి దాని కింద నిలబడి పైకి చూస్తూ ఉండిపోయారు. చెయ్యి పట్టుకుని లాక్కొస్తే గానీ కదల్లేదు.

నెల తర్వాత ఆ ఇంటావిడ నుంచి మాస్టారికి ఫోన్ వచ్చింది. "అత్తమ్మకు మూడుసార్లు చెప్పినం సార్, కొడుకు పోయిండని. చెప్పినప్పుడల్లా కొత్తగా ఏడుస్తది. ఒక పూట గడిస్తే మళ్ళ పేరు పెట్టి పిలుస్తది. అన్నం ముడ్తలేదు. జర మీరొక్కసారి వచ్చి 'ఆఁ' అనుండ్రి."

ఆంటీ ఒప్పుకోలేదు. "పోయినాయన పేరుకి పలకడం ఏవిటండీ? మంచిది కాదు."

"ఆ పేరు నాది కూడానే," అన్నారు మాస్టారు.

తాను పోయేవరకూ మాస్టారు ప్రతి ఆదివారం వెళ్ళారు. ఆ గుమ్మంలో కూర్చుని, ఆమె పిలిస్తే పలికేవారు. నేను నీ కొడుకుని అని ఒక్కసారి కూడా అనలేదు. నాకది మోసమేమో అనిపించి ఒకసారి అడిగాను. "పేరు పిలిస్తే పలుకుతున్నాను. అందులో అబద్ధం లేదమ్మా. మిగతాది ఆవిడ అనుకుంటోంది," అన్నారు. తర్వాత తనలో తాను అన్నట్టు, "ఒక్కోసారి నాకూ తెలియడం లేదు," అన్నారు.

ముసలామె ఆయన్ని అడిగేవన్నీ కొడుకుకే తెలిసినవి. ఎడమ పక్క నొప్పి తగ్గిందా అని అడిగేది. ఆదివారాల్లో తనకు నిజంగానే అక్కడ నొచ్చేదని మాస్టారు చెప్పేవారు, ఆంటీకి చెప్పొద్దనేవారు. ఒక ఆదివారం నేనూ వెంట వెళ్ళాను. మేమిద్దరం కూర్చున్నాక ముసలామె లోపలికి కేకేసింది: "ముగ్గురొచ్చిన్రు, మూడు చాయ్‌లు పెట్టు." కోడలు మూడు కప్పులు తెచ్చి పెట్టింది. మేము రెండు తాగాం. తిరిగి వచ్చేటప్పుడు కర్మన్‌ఘాట్ గుడి దాటాం. అప్పుడు మాస్టారు స్కూటీ వెనక నుంచి అడిగారు: "మూడో కప్పు ఎవరూ ముట్టుకోలేదు కదా?"

"లేదు సార్."

"మనం లేచేటప్పుడు సగమే ఉంది."

నేను చూడలేదు. చూడనందుకు ఇప్పటికీ సంతోషంగా ఉంది.

ఇవన్నీ ఆయన ఎవరికీ కథలుగా చెప్పుకోలేదు. వారంలో మిగతా రోజులు ఎప్పటిలాగే ఉండేవారు. కొత్తగా జబ్బు బయటపడ్డవాళ్ళు ఫోన్ చేస్తే, ఎల్బీనగర్ మెట్రో స్టేషన్ మెట్ల మీదైనా కూర్చుని వరుసలు దిగడం గురించి చెప్పేవారు. ఎవరైనా అంకె ఒక్కసారి పెరిగిందని ఏడిస్తే, ఒక్క చుక్కతో గీత గీయలేం, ఇంకో చుక్క రానివ్వండి అనేవారు. మా గ్రూపులో ఈ రోజు మాత్ర మానకుండా వేసుకుంటున్నవాళ్ళలో ఎంతమంది ఆయన మాట వల్ల వేసుకుంటున్నారో నేను చెప్పలేను. నేనొకదాన్ని. నాకు పెళ్ళయింది, అన్నీ చెప్పుకునే చేసుకున్నాను. అది కూడా ఆయన వల్లే.

మాస్టారు పోయిన మూడో రోజు ఆంటీ ఆయన ఫోన్ నా చేతికిచ్చారు. ల్యాబు నుంచి మెసేజ్. పోవడానికి వారం ముందు మాస్టారు రక్తం ఇచ్చి వచ్చారట. నేను ముందు పేరు చదివాను. ఇంటిపేరు, తండ్రి పేరు, ఫోన్ నంబరు, అన్నీ ఆయనవే. తర్వాత అంకె చూశాను. అంకె లేదు. కనపడలేదు అని ఉంది. ఇన్నేళ్ళలో ఆయనకు ఆ మాట రావడం అదే మొదటిసారి. ఆంటీ అడిగారు, బాగుందా అని. చాలా బాగుందండీ అన్నాను.

ఆదివారం అల్మాస్‌గూడ వెళ్ళాను. కబురు చెప్పాలి కదా. ఇంటావిడ గేటు దగ్గరే నన్ను ఆపింది. ఆమెకు గ్రూపు ద్వారా తెలిసిందట. "అత్తమ్మకు చెప్పలే. నువ్వూ చెప్పకు చెల్లె. ఈ సారు రాకపోతే ఏమైతదో అని భయపడ్డ. కానీ పొద్దుగాల సంది మంచిగనే ఉన్నది. నవ్వుతున్నది."

ముసలామె లోపలి గదిలో నులకమంచం మీద కూర్చుని ఉంది. కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ ఆమె ఒళ్ళో పడుతోంది. నా అడుగుల చప్పుడు ఆమెకు వినిపించినట్టు లేదు. ఆమె మొహం నా వైపు లేదు, వీధి తలుపు వైపు ఉంది. పేరు పెట్టి పిలిచింది. పిలిచి, తల కొంచెం వంచి విన్నది. ఆ తర్వాత తృప్తిగా తలాడించింది.

"రాండ్రి," అంది.

మంచం మీద ఒక పక్కకు జరిగి చోటిచ్చింది. కాసేపు ఆగి, ఇంకో మనిషికి సరిపడా మళ్ళీ కొంచెం జరిగింది. పక్కన ఖాళీ అయిన దుప్పటిని అరచేత్తో మెల్లగా సాపు చేస్తూ కూర్చుంది.